కొత్త దేశంలో కాళ్లూనుకోవడం: శరణార్థి యువత చేతిలో ఫోన్ చేసే పనులు

2025 డిసెంబర్ 10న ఆస్ట్రేలియాలో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. 16 ఏళ్లు నిండని పిల్లలకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, యూట్యూబ్ వంటి వేదికల్లో అకౌంట్ ఉండకూడదు. ఉంటే శిక్ష పిల్లలకూ కాదు, తల్లిదండ్రులకూ కాదు. దాన్ని ఆపడానికి తగిన చర్యలు తీసుకోని కంపెనీకి 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. చట్టం చుట్టూ జరిగిన చర్చలో నిద్ర, చదువు, వేధింపులు, మానసిక ఆరోగ్యం గురించి చాలా మాట్లాడారు. ఆ గోలలో సరిగ్గా వినపడని మాట ఒకటుంది. ఆ దేశపు మానవ హక్కుల కమిషన్ 2024లోనే ఈ ఆలోచన మీద గట్టి సందేహాలు చెప్పింది. సమాజం అంచున, మారుమూల బతికే పిల్లలకు సోషల్ మీడియా నలుగురితో కలిసే దారి కూడా అని గుర్తుచేసింది.

ఆ అంచున ఉన్నవాళ్లలో శరణార్థి పిల్లలు ఉన్నారు. కట్టుబట్టలతో దేశం దాటి, భాష రాని చోట బడిలో చేరిన 15 ఏళ్ల పిల్ల ఇన్‌స్టాగ్రామ్‌లో చేసే పని, అదే ఊళ్లో పుట్టి పెరిగిన 15 ఏళ్ల పిల్ల చేసే పని ఒకటేనా? పైకి ఒకలాగే ఉంటుంది. ఇద్దరూ రీల్స్ చూస్తారు, స్నేహితులకు మెసేజ్‌లు పెడతారు. లోపల జరిగే పని వేరు. అది తెలియకుండా సోషల్ మీడియా వాళ్లకు మేలా, కీడా అని వాదించుకుంటే తేలేదేమీ ఉండదు.

ముందు మాటల అర్థాలు తేల్చుకుందాం

శరణార్థి అన్న మాటను వార్తల్లో వదులుగా వాడేస్తుంటారు. 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం దానికి హద్దు గీసింది. జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం అనే అయిదు కారణాల్లో ఏదో ఒకదాని వల్ల తనను హింసిస్తారని భయపడి, ఆ భయానికి తగిన ఆధారం ఉండి, దేశం దాటి, తిరిగి వెళ్లలేని మనిషి శరణార్థి. ఆ హోదా కోసం దరఖాస్తు పెట్టుకుని నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నవారిని ఆశ్రయం కోరేవారు అంటారు. ఈ తేడా కాగితాలకే పరిమితం కాదు. హోదా చేతికొచ్చిన కుర్రాడు పేరు పెట్టుకుని ఫొటో పెడతాడు. ఇంకా రానివాడు ప్రతి పోస్టుకూ ముందు ఇది నా కేసుకు అడ్డొస్తుందా అని ఆలోచిస్తాడు.

ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ లెక్క ప్రకారం 2024 చివరికి హింస, యుద్ధాల వల్ల ఇళ్లు వదిలినవారు ప్రపంచంలో 12.32 కోట్ల మంది. అందులో సరిహద్దు దాటిన శరణార్థులు సుమారు 4.27 కోట్లు. ఇళ్లు వదిలినవారిలో దాదాపు 40 శాతం పిల్లలే. శరణార్థుల్లో 73 శాతం మంది తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లోనే ఉన్నారు. ఒక దేశంలో తలదాచుకున్నవారిని మరో దేశం అధికారికంగా తీసుకుని స్థిరనివాసం ఇవ్వడాన్ని పునరావాసం అంటారు. ఏడాదిలో ఆ అవకాశం దక్కేది శరణార్థుల్లో ఒక శాతం లోపు మందికే. కాబట్టి కొత్త దేశం అనగానే జర్మనీనో కెనడానో తలుచుకోవడం సగం కూడా నిజం కాదు. చాలామందికి కొత్త దేశమంటే పక్క దేశమే.

ఇక స్థిరపడటం అంటే ఏమిటి? ఇల్లు, పని, బడి, వైద్యం దొరకడం కంటికి కనిపించే భాగం. 2008లో అలస్టెయిర్ ఏగర్, ఆలిసన్ స్ట్రాంగ్ అనే పరిశోధకులు దీన్ని విడదీసి చూపినప్పుడు, ఆ నాలుగింటికీ హక్కులకూ మధ్యన మూడు రకాల మానవ సంబంధాలను ఉంచారు. ఈ వ్యాసంలో వాటికి నేను ముడి, వంతెన, నిచ్చెన అని పేర్లు పెడుతున్నాను. తనవాళ్లతో ఉండే అనుబంధం ముడి. తనలాంటివారు కాని కొత్త మనుషులతో కుదిరే పరిచయం వంతెన. ఆఫీసు, ఆసుపత్రి, బడి వంటి వ్యవస్థలను అందుకునే దారి నిచ్చెన. ఒక్క ఫోన్ ఈ మూడు పనులూ చేస్తుంది. గందరగోళమంతా అక్కడే పుడుతోంది.

తిండికి కటకట, చేతిలో స్మార్ట్‌ఫోనా?

2015లో లక్షల మంది ఐరోపాకు చేరుతున్నప్పుడు ఈ ప్రశ్న చాలామంది అడిగారు. వాళ్ల దగ్గర ఫోన్లుంటే నిజంగా కష్టాల్లో ఉన్నట్టేనా అని కొందరు ఎద్దేవా కూడా చేశారు. జవాబు 2016లో శరణార్థుల సంస్థ వేసిన ఒక నివేదికలో ఉంది. ఇంటర్నెట్ ఉన్న ఫోన్ శరణార్థుల దగ్గర ఉండే అవకాశం మిగతా జనంతో పోలిస్తే సగమే. 29 శాతం శరణార్థి కుటుంబాల్లో ఏ ఫోనూ లేదు. ఉన్నవాళ్లు మాత్రం చేతిలో ఆడే డబ్బులో మూడో వంతు దాకా దానికే ఖర్చు పెడుతున్నారు. ఎవరూ సరదా కోసం ఆ ఖర్చు భరించరు. తప్పిపోయిన అన్న దొరికేది, రేపటి అపాయింట్‌మెంట్ తెలిసేది, ఊళ్లో అమ్మ గొంతు వినపడేది ఆ ఫోన్‌లోనే.

ఒక అమ్మాయి ఫోన్, మొదటి వారం నుంచి రెండో ఏడు దాకా

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. కాబూల్‌లో హజారా అనే మైనారిటీ జాతి కుటుంబానికి చెందిన అమ్మాయి. 2021 ఆగస్టులో తాలిబన్లు అధికారంలోకి వచ్చారు, ఆడపిల్లలకు హైస్కూలు తలుపులు మూసుకున్నాయి. తల్లి, తమ్ముడితో పాకిస్తాన్‌లో కొన్నేళ్లు గడిపి మానవతా వీసా మీద ఆస్ట్రేలియా చేరింది. మెల్‌బోర్న్ శివార్లలోని డాండెనాంగ్‌లో దిగింది. అక్కడ అఫ్గాన్ కుటుంబాలు చాలా ఉన్నాయి. అప్పటికి ఆమెకు 13 ఏళ్లు. చట్టం రావడానికి రెండేళ్ల ముందు వచ్చిందనుకుందాం.

మొదటి వారమంతా ముడి పనే. దిగిన రాత్రే వాట్సాప్‌లో అమ్మమ్మకు వాయిస్ మెసేజ్. వాయిస్ ఎందుకంటే అమ్మమ్మకు చదవడం రాదు, ఇంట్లో మాట్లాడే హజారగీని ఈ పిల్ల కూడా పెద్దగా రాయదు. సోషల్ మీడియాను చదివేది, రాసేది అనుకునే అలవాటు వల్ల ఈ సంగతి మన కళ్లకు ఆనదు. రోహింగ్యాల భాష కూడా ఎక్కువగా మాటల్లోనే బతుకుతోంది. దాని హనీఫీ లిపికి కంప్యూటర్ అక్షరాల ప్రమాణమైన యూనికోడ్‌లో చోటు దొరికింది 2018లో. ఇలాంటి సమూహాలకు అక్షరం కంటే గొంతే దగ్గర.

రెండో వారంలో ఫేస్‌బుక్‌లో ఊరివాళ్ల గ్రూప్ దొరికింది. ఏ బస్సు ఎక్కాలి, చలికోటు ఎక్కడ చవక, ఏ డాక్టర్ దగ్గర అఫ్గాన్ల దరీ భాష మాట్లాడేవారు ఉన్నారు వంటి ప్రశ్నలకు కేస్‌వర్కర్, అంటే ఆ కుటుంబానికి సాయపడే ఉద్యోగి, సోమవారం దాకా జవాబివ్వలేకపోవచ్చు. గ్రూప్‌లో పావుగంటలో వస్తుంది, అదీ తన భాషలో, ఇదే కష్టం మూడేళ్ల కింద పడ్డ మనిషి నుంచి. ఇక్కడ ముడే నిచ్చెనగా మారింది. గమనించాల్సిన విషయం ఇది. తనవాళ్ల ద్వారానే మొదట వ్యవస్థ అందుతుంది.

నిచ్చెన ఎక్కే పని ఇంట్లో పిల్లలమీదే పడుతుంది. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ భృతి, వైద్య బీమా వంటివన్నీ మైగవ్ అనే ఆన్‌లైన్ ఖాతాతో ముడిపడి ఉంటాయి. తల్లికి వచ్చిన మెసేజ్ చదివేది కూతురే, కోడ్ కొట్టేదీ కూతురే. కరెంటు బిల్లు గడువు, తమ్ముడి టీకాలు, అమ్మ రక్తపరీక్ష ఫలితాలు అన్నీ ముందు ఆమె కళ్లలో పడతాయి. ఇంట్లో ఆమె విలువ పెరుగుతుంది. వయసుకు మించిన బరువు కూడా నెత్తికెక్కుతుంది. ఆమె రాత్రి పదింటికి ఫోన్ పట్టుకుని కూర్చుంటే ఆటలాడుతోందని ఎవరైనా అనుకోవచ్చు. అప్పుడు ఆమె చేస్తున్నది ఇంటి గుమాస్తాగిరీ.

వంతెన ఆలస్యంగా పడుతుంది. బడిలో తోటివాళ్లు స్నాప్‌చాట్‌లో మాట్లాడుకుంటారు. అకౌంట్ లేకపోతే ఆదివారం ఎక్కడ కలుస్తున్నారో తెలియదు. మాట్లాడాలంటే ఉచ్చారణకు నవ్వుతారేమోనన్న బెరుకు. మెసేజ్ అయితే రాసి, చెరిపి, అనువాదంలో సరిచూసుకుని పంపవచ్చు. క్లాసులో రాని ఆ అర నిమిషం వ్యవధిని స్క్రీన్ ఇస్తుంది. పాఠ్యపుస్తకంలో దొరకని వాడుక ఇంగ్లిష్, ఏ జోక్‌కు నవ్వాలి, టీచర్‌ను పేరు పెట్టి పిలవవచ్చా వంటివి వీడియోల కింది క్యాప్షన్లు చూస్తూ పట్టుకుంటుంది. ఎవరికీ కనపడకుండా, ఎవరి ముందూ తప్పు చేయకుండా ఓ కొత్త సమాజాన్ని పక్కనుంచి చూసి నేర్చుకునే అవకాశం ఆమె ముందు తరాల శరణార్థులకు ఇంతగా దొరకలేదు.

ఒకే ఫొటో, చూసే కళ్లు ఎన్నో

రెండో ఏడు వచ్చేసరికి అసలు చిక్కు మొదలవుతుంది. బడి యూనిఫాంలో, తలపై ముసుగు లేకుండా, స్నేహితులతో నవ్వుతూ దిగిన ఫొటో ఒకటి ఉంది. పెట్టాలా, వద్దా?

క్లాసు పిల్లలు చూస్తే మనలో ఒకతి అనుకుంటారు. కాబూల్‌లో ఉన్న మేనమామ చూస్తే ఇంటి పరువు గురించి మాట్లాడతాడు. అక్కడే ఉన్న అదే వయసు పినతల్లి కూతురికి బడే లేదు. ఈ యూనిఫాం ఆమె కంట్లో ఎలా పడుతుంది? దూరపు బంధువు చూస్తే వీళ్లకు డబ్బుందని లెక్కేసి అప్పు అడుగుతాడు. తాలిబన్లకు తెలిసినవారు ఎవరైనా చూస్తే మిగిలిపోయిన కుటుంబానికి ప్రమాదం. అపరిచితుడు చూస్తే ద్వేషపు కామెంటు రాయవచ్చు.

వేర్వేరు చోట్ల వేర్వేరుగా మెలిగే మనిషిని ఈ వేదికలు అందరి ముందూ ఒకేసారి నిలబెడతాయి. పెళ్లింట్లో ఒకలా, ఆఫీసులో ఒకలా మాట్లాడే వాళ్లమే అందరమూ. ఆ రెండు గదుల మధ్య గోడ తీసేస్తే మనకు ఇబ్బంది అవుతుంది, వీళ్లకు ప్రాణాల మీదికొస్తుంది. 2021 ఆగస్టులో కాబూల్ పతనమైన రోజుల్లో చాలామంది అఫ్గాన్లు తమ పాత పోస్టులు, ఫొటోలు చెరిపేసుకున్నారు. ఫేస్‌బుక్ కూడా అక్కడివారి స్నేహితుల జాబితాను ఇతరులు చూడకుండా ఆపింది, ఒక్క నొక్కుతో ప్రొఫైల్‌కు తాళం వేసే ఏర్పాటు తెచ్చింది. స్నేహితుల జాబితా ఎవరినైనా వెతికి పట్టుకోవడానికి పనికొస్తుందని అందరికీ అర్థమైన సందర్భమది.

అందుకే శరణార్థి యువత సోషల్ మీడియా వాడకంలో ఎక్కువ నైపుణ్యం పెట్టేది పోస్టులో కాదు, ఎవరికి ఏది కనపడాలో తేల్చడంలో. బంధువులకు ఒక అకౌంట్, క్లాసువాళ్లకు ఇంకొకటి, మారుపేరుతో మరొకటి. ఒక వేదికలో మాతృభాష, మరో వేదికలో ఇంగ్లిష్. ముఖం లేని ప్రొఫైల్ చిత్రం. ఇరవై నాలుగు గంటల్లో మాయమయ్యే స్టోరీ. బయటివారికి దాపరికంలా కనిపించే ఈ పద్ధతులను నేను వివేకమనే అంటాను.

ఎంత జాగ్రత్తపడినా మన ఫొటో మన చేతిలో ఉండకపోవచ్చు. 2015లో బెర్లిన్‌లో ఓ సిరియా యువకుడు అప్పటి జర్మనీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్‌తో సెల్ఫీ దిగాడు. కొత్త దేశంలో దొరికిన ఆదరణకు గుర్తు అది. తర్వాత బ్రసెల్స్‌లో, బెర్లిన్‌లో దాడులు జరిగినప్పుడు ఆ ఫొటోనే తిప్పి, దాడి చేసింది ఇతడేనన్న అబద్ధాన్ని ఫేస్‌బుక్‌లో పంచారు. అతడు వుర్ట్‌స్‌బర్గ్ కోర్టుకు వెళ్లాడు. అలాంటి పోస్టులను వెతికి తీసేయమని ఫేస్‌బుక్‌ను ఆదేశించడానికి 2017 మార్చిలో కోర్టు ఒప్పుకోలేదు. ఆ అబద్ధాలు రాసింది కంపెనీ కాదన్నది కారణం. వంతెన అనుకుని వేసిన అడుగే అతడికి అలా ఎదురుతిరిగింది.

అధికారి ఫోన్ అడిగితే

చూసే కళ్లలో ప్రభుత్వాలవి కూడా ఉన్నాయి. గుర్తింపు కాగితాలు లేనివారి ఫోన్లలోని సమాచారాన్ని తీసి పరిశీలించే అధికారం జర్మనీ 2017లో తన ఆశ్రయ శాఖకు ఇచ్చింది. ఆ ప్రభుత్వం చెప్పిన కారణం కొట్టిపారేయదగ్గది కాదు. పాస్‌పోర్ట్ లేని మనిషి ఏ దేశం నుంచి వచ్చాడో తేల్చాలి, తప్పుడు దరఖాస్తులు అసలైన వారికే నష్టం. ఎదుటి వాదన కూడా అంతే బలమైనది. ఫోన్‌లో దేశం పేరు ఒక్కటే ఉండదు, ఆ మనిషి బతుకంతా ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో లైప్‌జిగ్‌లోని సమాఖ్య పాలనా న్యాయస్థానం మధ్యేమార్గం చెప్పింది. ఇతర మార్గాలు చూడకుండా, దరఖాస్తు మొదట్లోనే మామూలు తంతుగా ఫోన్ పరిశీలించడం చట్టవిరుద్ధమంది. బ్రిటన్‌లో 2020లో చిన్న పడవల్లో వచ్చినవారి ఫోన్లను మూకుమ్మడిగా తీసుకున్న విధానాన్ని అక్కడి హైకోర్టు 2022లో చట్టవిరుద్ధమని తేల్చింది. అమెరికా 2019 నుంచి వీసా దరఖాస్తుదారుల్లో దాదాపు అందరినీ గత అయిదేళ్ల సోషల్ మీడియా పేర్లు చెప్పమంటోంది.

తీర్పులు ఎలా ఉన్నా, ఈ వార్తలు శిబిరాల్లో గాలిలా పాకుతాయి. ఫలితంగా, ఆశ్రయం కోరే కుర్రాళ్లు ఏ తప్పూ లేని పోస్టులు కూడా తీసేస్తారు. ఒక్కోసారి తమ భయానికి సాక్ష్యంగా నిలిచే బెదిరింపు మెసేజ్‌లు కూడా వాటితో పాటు పోతాయి.

ముడి బిగిస్తే వంతెన కుంగుతుందా?

ఈ విషయంలో పరిశీలకులు రెండుగా చీలిపోయారు. రోజంతా సొంత భాషలో, సొంత ఊరి గ్రూపుల్లో గడిపితే కొత్త భాష ఎప్పుడు వస్తుందన్నది ఒక వర్గం ప్రశ్న. మనసు అక్కడ, మనిషి ఇక్కడ అయితే కాళ్లు ఎక్కడా ఆనవంటారు. యుద్ధ దృశ్యాలు గంట గంటకూ ఫోన్‌లో పడుతుంటే పాఠం తలకెక్కదన్నది కూడా వాళ్ల మాట. అది అనుభవించినవాళ్లు కాదనలేరు.

సొంతవాళ్ల ధైర్యం లేని పిల్ల కొత్తవాళ్ల దగ్గరికి వెళ్లలేదన్నది రెండో వర్గం వాదన. 2015లో స్వీడన్‌కు పెద్దల తోడు లేకుండా చేరిన పిల్లలే 35 వేలకు పైగా ఉన్నారు. వాళ్లకు ఫోన్‌లో వినిపించే అమ్మ గొంతు చదువుకు అడ్డం కాదు, చదువుకోగలిగే స్థిమితం.

ఉక్రెయిన్ పిల్లల ఉదాహరణ ఈ వాదాన్ని ఇంకా చిక్కుపరుస్తుంది. 2022 మార్చిలో ఐరోపా సమాఖ్య వారికి తాత్కాలిక రక్షణ ఇచ్చింది. పేరులోనే తాత్కాలికం ఉంది. చాలామంది పిల్లలు పగలు కొత్త దేశపు బడికి వెళ్లి, సాయంత్రం ఆన్‌లైన్‌లో ఉక్రెయిన్ పాఠాలు చదివారు. రెండు బళ్ల బరువు ఒకే పిల్లాడి మీద. తిరిగి వెళ్తామో లేదో తెలియనప్పుడు ముడిని వదులు చేసుకోమని ఎవరు చెప్పగలరు? ఏ బంధాన్ని ఎంత పట్టుకోవాలన్నది ఆ పిల్లల ఇష్టం కంటే వారి వీసా గడువు మీద ఎక్కువ ఆధారపడుతోంది. నా దృష్టిలో చర్చలో అందరూ దాటేసే అంశం ఇదే.

గ్రూపుల్లో పుకార్లూ ఉంటాయి. ఫలానా దేశం సరిహద్దు తెరిచిందని, డబ్బిస్తే వీసా ఖాయమని పెట్టే పోస్టులు మనుషుల్ని అక్రమంగా దాటించే దళారుల పని కావచ్చు. అధికారుల మాట అర్థంకాని భాషలో, ఆలస్యంగా వచ్చినంత కాలం తెలిసినవాడి ఫార్వర్డ్‌కే విలువ ఎక్కువ.

తీగ తెగిన చోట్లు చెప్పే సంగతి

ఏదైనా ఎంత అవసరమో అది పోయినప్పుడే బాగా తెలుస్తుంది. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించింది. చాలామందికి టిక్‌టాక్ పోయింది. ధర్మశాలలోని టిబెట్ శరణార్థులకు వీచాట్ పోయింది. టిబెట్‌లో వాట్సాప్, ఫేస్‌బుక్ పనిచేయవు. చిన్నప్పుడే తల్లిదండ్రుల్ని అక్కడ వదిలి వచ్చిన యువతకు ఇంటితో రోజూ మాట్లాడే దారి ఆ ఒక్క యాపే. అయితే వీచాట్‌లో మాట్లాడే ప్రతి మాటనూ చైనా అధికారులు వినవచ్చన్న భయం కూడా వాళ్లకు ఉండేది. ప్రమాదం, ఆసరా ఒకే యాప్‌లో ఉన్నప్పుడు దాన్ని మూస్తే రెండూ కలిసే పోతాయి.

బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ రోహింగ్యా శిబిరాల్లో 2019 సెప్టెంబర్ నుంచి 2020 ఆగస్టు దాకా వేగవంతమైన మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. భద్రత కోసమన్నది ప్రభుత్వ వివరణ. ఆ మధ్యలోనే కోవిడ్ వచ్చింది. వ్యాధి గురించిన సమాచారం శిబిరాలకు చేరడం కష్టమైంది.

ఆస్ట్రేలియా చట్టాన్ని ఇప్పుడు మన మూడు పేర్లతో చూద్దాం. వాట్సాప్ వంటి మెసేజింగ్ యాప్‌లను చట్టం మినహాయించింది. అంటే డాండెనాంగ్ అమ్మాయికి అమ్మమ్మ దూరం కాదు, ముడి నిలుస్తుంది. మైగవ్ చట్టం పరిధిలోకే రాదు, నిచ్చెన పని కూడా ఆగదు. యూట్యూబ్ పాఠాలు అకౌంట్ లేకుండానే చూడవచ్చు. దెబ్బ పడేది ముఖ్యంగా వంతెన మీద. ముడి, నిచ్చెన వేరే దారుల్లో దొరుకుతాయి. కొత్త మనుషులతో పరిచయానికి ఆమెకున్న దారులే తక్కువ.

సమర్థించేవారి జవాబు కూడా వినాలి. తోటి పిల్లలకు కూడా అకౌంట్లు లేవు కదా, ఇప్పుడు అందరూ మైదానంలోనో, మెసేజింగ్ గ్రూప్‌లోనో కలుసుకుంటారు, ఆమె ఒక్కతే వెనకబడదు అంటారు. జాతి ద్వేషం నిండిన వీడియోలు పదమూడేళ్ల పిల్లాడి ఫోన్‌లోకి రాకపోవడం కూడా రక్షణే. ఈ వాదనలో బలముంది. కానీ మైదానంలో కలవాలంటే ముందు ఎవరో పిలవాలి. మెసేజింగ్ గ్రూప్‌లో చేర్చాలంటే ఎవరి దగ్గరో ఆమె నంబర్ ఉండాలి. పుట్టి పెరిగిన పిల్లలకు అవి ఎప్పటినుంచో ఉన్నాయి, కొత్తగా వచ్చిన పిల్లకు లేవు.

వయసు లెక్కలో మరో మెలిక ఉంది. పుట్టిన తేదీ నమోదు కాని శరణార్థులకు కాగితాల్లో జనవరి 1 అని రాయడం పలు దేశాల్లో మామూలే. ఈ అమ్మాయి వాళ్లమ్మకు గుర్తున్నది ఆప్రికాట్ చెట్లు పూసిన కాలం. వీసా మీద ఉన్నది జనవరి 1. ముఖం చూసి వయసు అంచనా వేసే సాఫ్ట్‌వేర్ మూడో తేదీ చెప్పవచ్చు. ఈ మూడింటిలో ఏ లెక్కన 16 నిండితే ఆమెకు అకౌంట్ తెరుచుకుంటుందో ఆమె చేతిలో లేదు.